39,000 క్యాలరీల బిస్కెట్ సంగతి: తల్లిదండ్రులకు లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. ఎనిమిదో తరగతి అమ్మాయి సైన్సు నోటుబుక్కులోని ఒక పేజీ ఫొటో పది రోజులుగా మీ ఫోన్లలో తిరుగుతోంది. ‘ఒక బిస్కెట్: 39,000 క్యాలరీలు’ అని అందులో ఉంది. అది చూసి, బిస్కెట్లు అంత ప్రమాదమా అని కొందరు అడిగారు. బడిలో డైటింగ్ నేర్పుతున్నారా అని ఇంకొందరు నిలదీశారు. అంకె తప్పయినా టీచరు దిద్దలేదని రాసినవారూ ఉన్నారు. అందుకే ఈ నెల లేఖ వారం ముందే పంపుతున్నాను.

ఆ అంకె తప్పు కాదు. టీచరు దాని పక్కన టిక్కు పెట్టడమూ తప్పు కాదు. 1 గ్రాము నీటిని 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే వేడి ఒక క్యాలరీ. పాఠ్యపుస్తకంలో ఉన్నది ఇదే. ఆహారం దగ్గర మనం క్యాలరీ అంటున్నది నిజానికి కిలోక్యాలరీ. అది 1 కిలో నీటిని 1 డిగ్రీ వేడెక్కిస్తుంది, అంటే దీనికి వెయ్యి రెట్లు. మాట్లాడుకునేటప్పుడు ‘కిలో’ జారిపోయి రెండింటికీ ఒకటే పేరు మిగిలింది. 8 గ్రాముల బిస్కెట్లో 39 కిలోక్యాలరీలుంటే చిన్న క్యాలరీల్లో అది 39,000. ఆ అమ్మాయి పేజీ కింది సగంలో ఈ లెక్కంతా వివరంగా రాసింది. 39ని 4.184తో హెచ్చవేసి, శక్తికి ఇంకో కొలమానమైన కిలోజౌళ్లలో అది 163 అని కూడా తేల్చింది. ఫొటో తీసినవారు ఆ కింది సగాన్ని వదిలేశారు.

ఇక అసలు ప్రశ్న. ఆ 39 ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ ప్యాకెట్ వెనక, 100 గ్రాములకు పిండిపదార్థాలు 70 గ్రాములు, కొవ్వు 20, ప్రోటీన్ 7 అని ఉంది. పిండిపదార్థం గ్రాముకు 4 కిలోక్యాలరీలు, కొవ్వు గ్రాముకు 9, ప్రోటీన్ గ్రాముకు 4 చొప్పున 280, 180, 28 కలిపితే 488. అందులో 8 గ్రాముల వాటా 39. బరువు చూస్తే కొవ్వు ఐదో వంతే. క్యాలరీల్లో మాత్రం మూడో వంతు దాటింది. నీళ్లు, ఉప్పు, ఖనిజాలు, విటమిన్లు ఈ లెక్కలోకి రావు. వాటిలో క్యాలరీలు సున్నా. విటమిన్లు లేకపోతే శరీరం నడవదు, ఆ మాట నిజమే. కానీ విటమిన్ మాత్ర వేసుకుంటే ‘శక్తి’ వస్తుందనడానికి క్యాలరీల లెక్కలో చోటు లేదు.

కొవ్వుకు 9 ఎందుకన్నది ఈ పాఠంలో అన్నిటికన్నా అందమైన భాగం. ఆహారంలోని కార్బన్, హైడ్రోజన్ మనం పీల్చిన ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరుగా మారేటప్పుడు వెలువడేదే ఆ శక్తి. పొయ్యిలో కట్టె కాలితే వచ్చేవీ ఈ రెండే. కాకపోతే ఒంట్లో ఈ పని 37 డిగ్రీల దగ్గర, మెట్టు మెట్టుగా జరుగుతుంది. చక్కెర బరువులో సగానికి పైగా ఆక్సిజనే. అంటే అది ముందే సగం కాలిన కట్టె లాంటిది. నూనెలో ఆక్సిజన్ సుమారు 11 శాతమే కాబట్టి కాలడానికి ఇంకా చాలా మిగిలి ఉంటుంది. ప్రోటీన్ సంగతి వేరు. దాన్ని ప్రయోగశాలలో పూర్తిగా కాలిస్తే గ్రాముకు 5.6 దాకా వస్తుంది. మన ఒళ్లు మాత్రం అందులోని నైట్రజన్‌ను యూరియాగా మూత్రంలో వదిలేస్తుంది, దానితో పాటు కొంత శక్తీ పోతుంది. అరగకుండా పోయేదాన్ని కూడా తీసేస్తే మిగిలేది సుమారు 4. ఇలాంటి నష్టాలను కొలిచి 4, 9, 4 అనే లెక్కను 19వ శతాబ్దం చివర్లో స్థిరపరిచింది అమెరికా రసాయన శాస్త్రవేత్త విల్బర్ ఆట్‌వాటర్. ఇప్పటికీ ప్యాకెట్ల మీద అంకెలు ఎక్కువగా ఈ లెక్కతోనే వస్తాయి.

పిల్లలు దీన్ని చదివి ఊరుకోలేదు, కాల్చి చూశారు. 0.55 గ్రాముల పల్లీ గింజను సూదికి గుచ్చి వెలిగించి, పైన 100 మిల్లీలీటర్ల నీళ్లున్న పలచని అల్యూమినియం డబ్బా పెట్టారు. మంట ఆరాక మిగిలిన బొగ్గు 0.05 గ్రాములు తూగింది, అంటే కాలింది అర గ్రాము. నీరు 9 డిగ్రీలు వేడెక్కింది. లెక్క వేస్తే గ్రాముకు 1.8 కిలోక్యాలరీలు. పల్లీలకు రావలసింది సుమారు 5.7. తక్కువ వచ్చిందని అంకె దిద్దుకోకుండా, మిగతా వేడి ఎటు పోయిందో వెతికారు, చూశారా, అక్కడే నాకు వాళ్ల మీద గర్వం పొంగింది! వెనక బెంచీ అబ్బాయి ఒకడు 15 గ్రాముల డబ్బా తాగిన వేడిని విడిగా లెక్కగట్టాడు. 9 డిగ్రీలకు అది సుమారు 29 చిన్న క్యాలరీలే. ‘డబ్బా దొంగ కాదు మేడమ్, గాలే దొంగ’ అన్నాడు. వెంటనే వాళ్ల జట్టు డబ్బా చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి, గాలి ఆడేందుకు కింద వేలెడు సందు వదిలి, డబ్బాకు మూత పెట్టి, గింజను 2 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చింది. ఈసారి పెరిగింది 16 డిగ్రీలు, గ్రాముకు 3.2. డబ్బా అడుగున పేరుకున్న మసి పూర్తిగా కాలని కార్బన్ అని, ఆ శక్తి లెక్కలోకి రాలేదని మరో అమ్మాయి పట్టుకుంది. ఆహారంలోని శక్తిని కొలిచే అసలైన పరికరంలో దట్టమైన ఆక్సిజన్ నింపిన ఉక్కు పాత్రను నీళ్లలో ముంచి ఎందుకు కాలుస్తారో ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

నా మనవి ఒక్కటే, ఇంట్లో ఒక చిన్న తూకం యంత్రం పెట్టండి. గ్రాముల్లో చూపించేది చాలు. పిల్లల చేత తూయించండి. మన కన్ను క్యాలరీలను కొలవలేదు, ఎందుకంటే నీరు దాన్ని మోసం చేస్తుంది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోక్యాలరీలు, 100 గ్రాముల అన్నంలో సుమారు 130. వండితే శక్తి ఎక్కడికీ పోలేదు, నీళ్లు చేరాయంతే. 100 గ్రాముల ద్రాక్షలో 70 ఉంటే అంతే బరువున్న ఎండుద్రాక్షలో 300, అక్కడ నీళ్లు పోయాయి. నెట్‌లో దొరికిన పట్టికలో బియ్యం అంకె చూసి అన్నాన్ని లెక్కగడితే రెండున్నర రెట్లకు పైగా వస్తుంది, చాలా ఇళ్లలో జరుగుతున్న పొరపాటు ఇదే. నూనె దగ్గర దీనికి ఎదురు. చెంచా 5 మిల్లీలీటర్లు, అందులో 41 కిలోక్యాలరీలు. సీసా వంచి పోస్తే ఎన్ని చెంచాలు పడ్డాయో ఎవరికీ తెలియదు. ప్యాకెట్ చూసేటప్పుడు ముందు 100 గ్రాముల వరుస చూడండి, ‘ఒక సర్వింగ్’ వరుస తర్వాత. సర్వింగ్ ఎంతో కంపెనీ నిర్ణయిస్తుంది, 100 గ్రాములు మాత్రం అన్ని ప్యాకెట్లకూ ఒకటే. పీచు ఎక్కువున్న వాటికి 4, 9, 4 లెక్క కొంచెం ఎక్కువ చూపిస్తుంది, పీచు ఇచ్చేది గ్రాముకు 2 దాకానే. సరిగ్గా నమలని పల్లీల నుంచి కూడా కొంత కొవ్వు అరగకుండానే పోతుంది. ఇంత చిన్న బడిలో ఇంత లోతు అవసరమా అని అడిగిన పెద్దలకు జవాబు: అవసరమే. రోజుకు మూడు పూటలా నోట్లో పెట్టుకునేదాని గురించి ఇది.

ఇప్పుడు డైటింగ్ మాట. మా పాఠంలో ‘తక్కువ తినండి’ అన్న వాక్యం ఎక్కడా లేదు. ఫొటో తిరిగినప్పటి నుంచి ఏడు, ఎనిమిది తరగతుల్లో కొందరి లంచ్ బాక్సులు సగం నిండుగానే ఇంటికి వెళ్తున్నాయని క్లాసు టీచర్లు చూశారు. వాళ్లకు ఆ భయం పుట్టింది నోటుబుక్కులో కాదు. ఫ్రిజ్ తలుపుకు అంటించిన క్యాలరీల పట్టికలు, నలుగురి ముందు ‘లావయ్యావు’ అనే మాటలు, వారం వారం బరువు చూసే యంత్రం ఎక్కించడం దయచేసి ఈ రోజుతో ఆపండి. ఎదిగే పిల్లలకు క్యాలరీ శత్రువు కాదు. పెద్దవాళ్ల బరువులో మెదడు 2 శాతమే అయినా ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు 20 శాతం దానికే పోతుంది, పిల్లల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. పొద్దున ఏమీ తినకుండా పంపి, మూడో పీరియడ్‌లో మావాడు శ్రద్ధ పెట్టడం లేదేమని మమ్మల్ని అడుగుతున్నారు. మీ తీరిక లేనితనం నాకు అర్థమవుతుంది. అయినా, బడి బస్సు ఎక్కేలోపు బిడ్డ నోట్లో ఏదైనా పడేలా చూడటం మీ చేతుల్లోనే ఉంది. ‘ఎనర్జీ’ కోసమని ఇచ్చే తీపి పానీయాల సీసాలు కూడా ఆపితే సంతోషిస్తాను. 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల చక్కెర ఉంటే 300 మిల్లీలీటర్లలో 33 గ్రాములు, 130 కిలోక్యాలరీలు. అందులో ప్రోటీన్ లేదు, పీచు లేదు, కడుపు నిండిన తృప్తీ లేదు. బిడ్డ బరువు గురించి నిజంగా బెంగ ఉంటే డాక్టరును కలవండి. పట్టిక చూసి మీరే కోత పెట్టకండి.

మిగతావి: అర్ధ సంవత్సర పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, గుర్తింపు కార్డుల ఫొటోలు వెంటనే పంపండి, మరచిపోయిన గొడుగులు ఆఫీసు గదిలో ఉన్నాయి.

శనివారం ఉదయం 10 నుంచి 12 దాకా సైన్సు ల్యాబ్ మీకోసం తెరిచి ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలే ప్రయోగం చేసి చూపిస్తారు. ఇంట్లో వాడే ఏదైనా ప్యాకెట్ రేపర్ ఒకటి తెండి, దాని లెక్క మీ చేతే వేయిస్తారు. మీలో గానీ, మీతో వచ్చే పిల్లల్లో గానీ ఎవరికైనా పల్లీల అలర్జీ ఉంటే శుక్రవారం లోపు క్లాసు టీచరుకు చెప్పండి. ఆ రోజు పల్లీకి బదులు ఎండిన బ్రెడ్డు ముక్క కాలుస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు