ఎమ్మెల్యే గారూ, మీ ఓటు ఎటు పడింది?

శాసనసభ్యులు గారికి నమస్కారం.

మాది కర్నూలు పాతబస్తీ. రిటైర్డ్ టీచర్ని. బడిలో సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి ప్రాథమిక హక్కుల పాఠం ఇప్పటికీ నోటికొచ్చు. ఎన్నికల్లో నేను ఎవరికి వేశానో చెప్పను, నా ఓటు రహస్యం. సభలో మీరు వేసేది మాత్రం మా తరఫున కదా, అది నాకు తెలియాలి.

కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతుంటే నా పాత శిష్యుడొకడు అడిగాడు, హక్కుల మీద బిల్లులొస్తే మన ఎమ్మెల్యేలు ఎటు ఓటేస్తారని. చూసి చెప్తానన్నాను. వారం పాటు పాత పేపర్లు తిరగేస్తే ఎక్కువగా కనబడింది ఒకటే మాట: మూజువాణి ఓటుతో ఆమోదం. అంటే తలలు లెక్కపెట్టకుండా, అవును కాదు అన్న కేకలు విని తేల్చేయడం. ఆ కేకల్లో ఎవరి గొంతు కలిసిందో, ఎవరు మౌనంగా కూర్చున్నారో ఎక్కడా లేదు. "యాడుంది సార్ ఆ లెక్క?" అని వాడు మళ్ళీ అడిగితే తల గోక్కున్నాను.

లెక్కపెట్టడం మన సభకు రాక కాదు. 2020 జనవరి 27న శాసనమండలి రద్దు తీర్మానానికి 133 మంది అనుకూలమని తేల్చారు. మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలని రాజ్యాంగంలో 169వ అధికరణం చెప్తోంది కాబట్టి తలలు లెక్కపెట్టక తప్పలేదు. (మరుసటి ఏడాదే ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు, అది వేరే కథ.)

2019 డిసెంబరు 13న, ఆడవాళ్ళ మీద నేరాలకు త్వరగా శిక్ష పడాలన్న దిశ బిల్లును సభ ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, అత్యాచారానికి ఉరి. ఆడపిల్లల తండ్రిగా ఆ కోపం నాకూ ఉంది. కానీ పోలీసులు పొరపాటున వేరేవాణ్ణి పట్టుకుంటే, రెండు వారాల్లో వాడి లాయరు ఏం చేయగలడు? ఈ ప్రశ్న వేసే మనిషి సభలో ఒక్కరైనా ఉండాలి. అప్పుడు మీరు సభలో ఉన్నా లేకపోయినా, రేపు అలాంటిదే వస్తే ఏం చేస్తారన్నదే నాకు కావాలి.

కొన్ని అసలు సభ దాకా రావు. రోడ్ల మీద సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ 2023 జనవరిలో ప్రభుత్వం జీవో నంబరు 1 అనే ఉత్తర్వు ఇచ్చింది. 1861 నాటి పోలీసు చట్టమే దానికి ఆధారం. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల్లో జనం చనిపోయిన మాట నిజమే, కానీ మందు జబ్బును మించిపోయింది. మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. సభలు, ఊరేగింపుల మీద పోలీసులకు అధికారమిచ్చే ఆ చట్టంలోని సెక్షన్ 30 మాత్రం ఇంకా బతికే ఉంది. మా కాలనీ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఓ గంట కూర్చుంటామంటే "సెక్షన్ 30 ఉంది, కుదరదు" అని ఒక స్టేషన్లో తిప్పి పంపారు. నీళ్ళు అడగడానికీ పర్మిషనా! 2021లో మానవ హక్కుల కమిషన్ ఆఫీసు తెరిచింది ఈ ఊళ్ళోనేనండీ.

విప్, అంటే ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశం, ధిక్కరిస్తే పదవి పోతుందంటారు. ఆ మాట చెప్పే రాజ్యాంగం పదో షెడ్యూలు సంగతి నాకూ తెలుసు. అయితే బిల్లు మీద లేచి అనుమానం చెప్పొద్దని అందులో లేదు. డివిజన్ పెట్టి, అంటే ఎటు ఎవరో లెక్కపెట్టి, పేర్లు రాయించమని స్పీకర్ గారిని అడగొద్దనీ లేదు.

వచ్చే సమావేశాల్లో మాట్లాడే హక్కు, గుమిగూడే హక్కు, అరెస్టుల జోలికి వచ్చే బిల్లు ఏదైనా వస్తే డివిజన్ అడగండి. అడిగాక, మీరు ఎటు వేశారో ఎందుకు వేశారో ఒక కాగితం మీద రాసి మీ క్యాంపు ఆఫీసు గోడకు అంటించండి. మీతో ఏకీభవించకపోయినా వచ్చి చదువుకుంటాను. టీ కొట్టు దగ్గర వాడికి చెప్పాల్సిన బాకీ ఉంది నాకు.

ఇట్లు,
మీ నియోజకవర్గ ఓటరు