ఆ తొమ్మిది గోల్డ్‌ఫిష్‌ల సలహా వద్దండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఇంటి అలంకరణ పేజీలో అక్వేరియం గురించి వచ్చింది చదివాను. హాల్లో రెండడుగుల ట్యాంకు పెట్టి ఎనిమిది గోల్డ్‌ఫిష్‌లు, ఒక నల్ల చేప వేసుకుంటే ఇంటికి కలిసొస్తుందని రాశారు. నమ్మకాల జోలికి నేను పోను, ఎవరిష్టం వాళ్ళది. కానీ ఆ తొమ్మిది చేపలూ ఆ ట్యాంకులో బతకవండీ. ఆ సంగతి ఒక్క ముక్క కూడా రాయకపోవడం బాధేసింది, ఎందుకంటే ఇక్కడ విజయనగరంలో మా వీధిలోనే అలా మోజుపడి తెచ్చుకుని, చేపలన్నీ పోయాక ఖాళీ ట్యాంకుని మేడ మీద పడేసిన ఇళ్ళున్నాయి.

లెక్క చూడండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకుని అంచు దాకా నింపినా 56 లీటర్లే పడతాయి, అడుగున రాళ్ళు పోస్తే ఇంకా తగ్గుతాయి. గోల్డ్‌ఫిష్ అంటే మన బొచ్చె, శీలావతిల కుటుంబమే. షాపులో రెండంగుళాలు ఉంటుంది గానీ సరిగ్గా పెరిగితే ఆరేడు అంగుళాలకు వస్తుంది. బాగా తింటుంది, అంతకు తగ్గట్టు నీళ్ళు పాడుచేస్తుంది, ఆ వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియా కంటికి కనబడదు, నీళ్ళు తేటగానే ఉంటాయి, చేప మొప్పలు మాత్రం లోపల దెబ్బతింటూ ఉంటాయి. పైగా అది చల్లటి నీళ్ళ చేప, 20 డిగ్రీల దగ్గర హాయిగా తిరుగుతుంది. మన వైపు మే నెలలో ట్యాంకు నీళ్ళు 30 దాటిపోతాయి, నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఇక ఆ నల్లది చాలాసార్లు బ్లాక్ మూర్ అనే గోల్డ్‌ఫిష్ రకం అయి ఉంటుంది. ఉబ్బుకళ్ళు, చూపు సరిగా ఆనదు, మెల్లగా ఈదుతుంది, చురుకైన చేపల మధ్య వేస్తే అది వచ్చేలోపు మేతంతా అయిపోతుంది. అది పోతే ఇంటి దిష్టి తీసుకుపోయిందని చెప్పుకుని ఇంకోటి తెచ్చి వేస్తాం. పాపం, దాన్ని చంపింది ఆకలీ, అమ్మోనియా.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చేపని కొనేముందు రంగు చూడ్డం కాదు, అది పెరిగితే ఎంతవుతుంది, ఇంట్లో ఉన్నవాటితో పడుతుందా, మన నీళ్ళు దానికి సరిపోతాయా అని అడగాలి. ఏంజెల్ ఫిష్ పిల్ల షాపులో రూపాయి బిళ్ళంత ఉంటుంది, నియాన్ టెట్రాలనే చిన్న చేపలతో కలిపి కొంటే మొదట్లో చూడముచ్చటగా ఉంటుంది, పెద్దదయ్యాక ఆ టెట్రాలనే మింగేస్తుంది. అది దాని తప్పు కాదు, నోట్లో పట్టిన చేపని తినడం దాని స్వభావం. అదే ఏంజెల్‌ని టైగర్ బార్బులనే చారల చేపల మధ్య వేస్తే దాని పొడుగాటి రెక్కల్ని అవి కొరుక్కుతింటాయి. టైగర్ బార్బుల్ని రెండో మూడో కొనేవాళ్ళకి ఈ గొడవ మరీ ఎక్కువ, ఏడెనిమిది కలిపి వేస్తే అవి వాటిలో అవే తరుముకుంటూ మిగతావాటిని చాలావరకు వదిలేస్తాయి, అయినా పొడుగు రెక్కల చేపలతో కలపకపోవడమే మంచిది. మగ ఫైటర్ చేపలు రెండిటిని కలపకూడదని అందరికీ తెలుసు, కానీ గౌరామి అనే చేపతో కూడా ఫైటర్‌కి పడదు, గప్పీ మగదాని పెద్ద తోకని చూసినా మీదపడొచ్చు. ఆస్కార్ గురించి చెప్పనే అక్కర్లేదు, అడుగు పొడవుకి పెరిగే చేప, రెండడుగుల ట్యాంకులో అది వెనక్కి తిరగడానికే చోటుండదు.

మా ఇళ్ళల్లో బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. అలాంటి లవణాలు ఎక్కువున్న నీళ్ళకి గప్పీ, ప్లాటీ, మోలీ అనే చిన్న చేపలు బాగా సరిపోతాయి, ఒకదాన్నొకటి పీక్కుతినవు. మగదానికి రెండు మూడు ఆడవి ఉండేలా చూసుకుంటే చాలు, లేకపోతే ఆడదాన్ని ఊపిరాడనివ్వకుండా తరుముతుంది. పిల్లలు మాత్రం తెగ పెడతాయి, దానికీ చోటు ఆలోచించుకోవాలి. ఓ ఆరు జీబ్రా డానియోలు కలిపితే పైనంతా సందడిగా ఉంటుంది, అది మన దేశపు చేపే, ఓర్పు కలది. నియాన్ టెట్రాలకి లవణాలు తక్కువున్న మెత్తటి నీళ్ళు కావాలి, అవంటే అంత ఇష్టమైతే ముందు నీళ్ళ సంగతి తేల్చుకోండి.

శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళం ఇంకొకటి కూడా ఆలోచించాలి, కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పలాస, ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఆక్సిజన్ మోటారు ఆగితే కిక్కిరిసిన ట్యాంకులో చేపలు గంటల్లో పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఫైటర్, గౌరామి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు కాబట్టి అవి తట్టుకుంటాయి, మిగతావి తట్టుకోలేవు. తక్కువ చేపలు వేసుకుని, బ్యాటరీ మోటారు ఒకటి ఇంట్లో ఉంచుకుంటే తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

కొత్త ట్యాంకులో అన్నీ ఒకేసారి వేయకండి. అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తర్వాత తెచ్చేవాటిని కనీసం రెండు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూస్తే తెల్లమచ్చల జబ్బు ఉంటే అక్కడే బయటపడుతుంది. పాత చేపలు చోటు కోసం కొట్లాడే రకమైతే, కొత్తవాటిని వదిలేముందు రాళ్ళూ మొక్కలూ అటూ ఇటూ మార్చి, లైటు ఆర్పేయండి, ఎవరి జాగా ఏదో తెలియక తగువులు తగ్గుతాయి.

సక్కర్ ఫిష్ గురించి గట్టిగా చెప్పాలి. పాచి తిని ట్యాంకు శుభ్రం చేస్తుందని అమ్ముతారు. అడుగు దాటి పెరుగుతుంది, మేత చాలకపోతే గోల్డ్‌ఫిష్ ఒంటి మీది జిగురు పొరని నాకడం మొదలెడుతుంది. అప్పుడు పెంచేవాళ్ళు చంపలేక తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తారు. మన రాష్ట్రంలో చెరువుల్లో, కాలువల్లో వలలు చింపేస్తూ జాలరులు డెవిల్ ఫిష్ అని తిట్టుకుంటున్నది దీన్నే. దయచేసి మా ఊరి పెద్ద చెరువులో గానీ, నాగావళిలో గానీ, ఇంకెక్కడ గానీ వదలకండి. పెంచలేకపోతే కొన్న షాపుకే తిరిగి ఇచ్చేయండి.

షాపువాళ్ళు ప్రతి గాజు తొట్టి మీద ధరతో పాటు ఆ చేప ఎంత పెరుగుతుందో, కనీసం ఎన్ని కలిపి పెంచాలో, దేనితో కలపకూడదో ఒక చీటీ అంటిస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి. మీరు కూడా ఈసారి అక్వేరియం మీద రాసినప్పుడు చేపలు పెంచేవాళ్ళని అడిగి, ప్రతి చేప బొమ్మ కింద ఈ మూడూ వేయండి, అందుకోసం ఫొటోలు కాస్త చిన్నవైనా ఫరవాలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయనగరం