లెక్క తెలుగులో తెలిస్తేనే ఇంగ్లీషు నిలుస్తుంది

సంపాదకుల వారికి,

ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండటం మంచి ఏర్పాటు. వాటిని వాడే పద్ధతి కుదరకే చిన్న తరగతుల పిల్లలు నలిగిపోతున్నారు.

భిన్నాలే చూడండి. తెలుగులో ‘నాలుగింట మూడు’ అంటాం, కింది అంకె ముందొస్తుంది. ఇంగ్లీషులో ‘త్రీ బై ఫోర్’, పై అంకె ముందు. ఈ తేడా విడమరచి చెప్పకపోతే పిల్లలు 3/4కు బదులు 4/3 రాస్తారు. ‘లెఫ్ట్’ అంటే ఎడమ అని నేర్చుకున్న బిడ్డ, తీసివేతలో ‘హౌ మెనీ ఆర్ లెఫ్ట్’ (ఎన్ని మిగిలాయి) అని కనబడితే ఆగిపోతుంది. లెక్క రాక కాదు.

వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పుకుంటూ పోవడమూ తప్పే. తెలుగు ఎలాగూ వస్తుందని పిల్లలు ఇంగ్లీషు వినడం మానేస్తారు. ముందు పది నిమిషాలు శెనక్కాయలో, చింతగింజలో చేతికిచ్చి విషయమంతా తెలుగులో చెప్పాలి. తర్వాత నాలుగైదు ఇంగ్లీషు మాటలు బోర్డు మీద రాసి, అదే లెక్కను ఇంగ్లీషులో చేయించాలి. ఆదోని వైపు ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలకు తెలుగూ రెండో భాషే, వాళ్లకు ఇంకొంత సమయమివ్వాలి.

మాతృభాషలో బోధన వీలైనంతవరకు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. అయిదో తరగతి దాకా లెక్కల ప్రశ్నలు రెండు భాషల్లోనూ ఇవ్వండి, ఏ భాషలో జవాబు రాసినా మార్కులు వేయండి.

– కొందరు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, కర్నూలు