రిపోర్టు ఆమె చేతికి చేరిందా?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద వచ్చిన వ్యాసం చదివాను. టీకా గురించి, పరీక్షల గురించి చక్కగా రాశారు. పరీక్ష చేయించుకుంటే ఇక నిశ్చింతే అన్నట్టు ముగించిన చోట మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. ఇరవై రెండేళ్లుగా ప్యాప్ స్మియర్, అంటే ముఖద్వారం కణాల పరీక్ష, స్లైడ్లు చూడటమే నా ఉద్యోగం. పరీక్ష ఒక్కటే ఎందుకు చాలదో చెప్పాలని రాస్తున్నాను.

ముఖద్వారం నుంచి తీసిన కణాలను గాజు పలక మీద పలచగా పూసి, తడి ఆరకముందే ఆల్కహాల్‌లో ముంచాలి. ఆరిందంటే కణాల రూపం మారిపోతుంది, ఆ స్లైడ్ చూసి ఏదీ గట్టిగా చెప్పలేం. రంగు పట్టించి మైక్రోస్కోప్ కింద పెడితే గులాబీ, లేత ఆకుపచ్చ రంగుల్లో వేల కణాలు పరుచుకుని ఉంటాయి. ఒక్కోదాని నడుమ నల్లటి చుక్కలా కేంద్రకం. ఈ చివర నుంచి ఆ చివరికి వరస తప్పకుండా చూసుకుంటూ పోతుంటే ఒకచోట కేంద్రకం పెద్దదై, ముదురు రంగు తేలి, అంచులు ముడతలు పడి కనిపిస్తుంది. కొన్నిటిలో దాని చుట్టూ తెల్లటి వలయం కూడా ఉంటుంది. అది ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ వదిలిన గుర్తు. రిపోర్టు ఇచ్చే డాక్టరు, అంటే పాథాలజిస్టు, నేరుగా అక్కడే చూడటానికి వీలుగా పక్కన సిరాతో చిన్న చుక్క పెడతాం.

అలా నేను ఐదు చుక్కలు పెట్టిన స్లైడ్ ఒకటుంది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. అప్పటికి క్యాన్సర్ కాదు, దానికి ముందరి దశ. వెంటనే కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చేసే పరీక్ష) చేయించుకోవాలని రిపోర్టు రాశారు. మూడేళ్ల తర్వాత అదే పేరుతో బయాప్సీ, అంటే పరీక్షకు కోసి తీసిన చిన్న ముక్క, వచ్చింది. ఈసారి క్యాన్సరే, చుట్టుపక్కలకు పాకింది కూడా. పాత స్లైడ్ తీయించి చూశాను. నా ఐదు చుక్కలూ అలాగే ఉన్నాయి. ఫారం వెతికితే, ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువ. ఎవరూ ఆమెను చేరలేకపోయారు, రిపోర్టు ఫైల్లోనే ఉండిపోయింది. "ఏమన్నా ఉంటే వాళ్లే పిలుస్తారు కదా అనుకున్నానమ్మా" అంది నాతో. ఆమె అనుకున్నదాంట్లో తప్పేముంది? నంబరు రాసుకున్నవాళ్లు ఒక్కసారి తిరిగి చదివి వినిపిస్తే సరిపోయేది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే: ఈ క్యాన్సర్ మనకు బోలెడు గడువిస్తుంది. హెచ్‌పీవీ సోకినా చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. పోకుండా పాతుకున్నవాళ్లలో కూడా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. ఈ వైరస్సే కారణమని తేల్చిన జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. టీకా ఉంది, పరీక్ష ఉంది. ముందరి దశలో పట్టుకుంటే చాలామందికి గర్భసంచి తీయక్కర్లేదు, మార్పు వచ్చిన భాగాన్ని మాత్రం కాల్చేస్తే లేదా కోసి తీసేస్తే పోతుంది. ఇన్ని ఉండి కూడా ఒక్క అంకె దగ్గర ఓడిపోయాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 కల్లా చేరాలని పెట్టిన లక్ష్యం 90–70–90. పదిహేనేళ్లు నిండేలోపు నూటికి 90 మంది ఆడపిల్లలకు టీకా, 35 ఏళ్లకు ఒకసారి, 45 ఏళ్లకు మరోసారి 70 మందికి మంచి పరీక్ష, జబ్బు బయటపడ్డవాళ్లలో 90 మందికి చికిత్స. మొదటి రెండు అంకెల మీద పోస్టర్లు చూశాను. మూడోదాని మీద ఒక్కటీ చూడలేదు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో లక్షా ముప్పై వేల మందికి పైగా మహిళలతో చేసిన పరిశోధన 2009లో వెలువడింది. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. తేడా కనిపించినవాళ్లను పిలిచి, చూసి, చికిత్స చేశారు కాబట్టే తగ్గాయి. స్లైడ్ చూసినంత మాత్రాన ఎవరి ప్రాణమూ నిలబడదని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

పరీక్షలు చేసేవాళ్లను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఫారంలో రెండు నంబర్లు రాయండి, చదివి వినిపించండి. రిపోర్టు ఏ రోజు వస్తుందో చీటీ మీద రాసి ఆమె చేతికివ్వండి. రానివాళ్ల పేర్లు ఎవరో ఒకరు విడిగా రాసుకుని, మనిషి దొరికేదాకా వెతకాలి. వీలున్నచోట పరీక్ష, చికిత్స ఒకే రోజు చేసేస్తే మరీ మంచిది. పరిశోధకులు కూడా కొత్త పరీక్షల మీద పెట్టే శ్రద్ధలో కొంత, పిలిచినా ఆడవాళ్లు ఎందుకు తిరిగి రాలేకపోతున్నారో తెలుసుకోవడం మీద పెట్టాలి.

రిపోర్టులో తేడా ఉందంటే క్యాన్సర్ వచ్చేసిందని హడలిపోయి ముఖం చాటేసేవాళ్లూ ఉన్నారు. తేడా అంటే చాలాసార్లు ఇంకా సమయం ఉందనే అర్థం. టీకా వేయించుకున్నా పరీక్ష మానకూడదు, అన్ని రకాల హెచ్‌పీవీనీ అది ఆపలేదు.

మీ పేజీలో ఒక చిన్న పెట్టె కట్టి ఈ ముక్క వేయండి: ప్యాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేయించుకుని, ఫలితం ఇంకా తెలియనివాళ్లు కబురు రాలేదు కాబట్టి బాగుందనుకోవద్దు, వెళ్లి అడగండి.

– ఒక సైటాలజీ (కణ పరీక్షల) ల్యాబ్ టెక్నీషియన్