సర్దారుకు ఉత్తరం: బామ్మర్ది గ్యారేజీల ట్యూబు ముచ్చట

ఒరే సర్దారూ,

ముందుగాల తిట్టుడు ఆపు. ఉత్తరం రాస్తనని చెప్పి ఎన్నడు రాయలేదు, ఒప్పుకుంటున్న. డల్లాస్‌లనే మొదలువెట్టిన, నాలుగు లైన్లు కొట్టంగనే మనుమరాలు ఫోన్ గుంజుకపోయింది, తర్వాత సామాన్లు సదురుడు, విమానం, వచ్చినంక ఇంట్ల సున్నాలు... గట్ల గట్ల అయిపోయింది. ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. మోకాలు అట్లనే ఉంది. షాపు పిలగాడే చూసుకుంటుండు, ఇప్పుడు టీవీలు రిపేర్ చేయించుకునేటోడెవడు, ప్యానెల్ పోతే కొత్తది కొనుడే. మేడారం సంగతి ఫోన్‌ల మాట్లాడుకుందాం, వదినకు మాత్రం చెప్పు ఈసారి బెల్లం మూట నేనే మోస్తనని. నువ్వు నవ్వకు.

వార్తలు ఇంతటితో సమాప్తం. ఇగ అసలు ముచ్చట. ఇది ఇంట్ల ఎవ్వలకు చెప్పినా ఊ అంటరు లేచిపోతరు. హన్మకొండ చౌరస్తల చాయ్ దగ్గర చెప్పబోతే మన బ్యాచోళ్ళు నేను నక్సలైట్ల ముచ్చట చెప్తున్న అనుకున్నరు. నీకే అర్థమయితది, ఎందుకంటే నువ్వు జిందగంత మందు పేల్చే డిటోనేటర్ల డబ్బ పట్టుకుని బొగ్గు బాయిల దిగినోనివి.

అమెరికాల ఉండే మా బామ్మర్దికి శని ఆదివారాలు పిస్టల్ పోటీల పిచ్చి. యూఎస్‌పీఎస్‌ఏ అని ఒక సంఘం ఉంటది, దాని మ్యాచులకు పోతడు. ఒక్క రోజుల వందల రౌండ్లు కొడతరు, కొనుక్కుంటే జేబు ఖాళీ, అందుకని గ్యారేజీలనే తూటాలు తయారుచేసుకుంటడు. రీలోడింగ్ అంటరు. పేల్చిన తూటాల ఇత్తడి కేసులు ఏరుకొచ్చి శుభ్రం చేసి, అడుగున నిప్పు పుట్టించే పాత ప్రైమర్ ఊడగొట్టి, కొత్తది ఎక్కించి, తుపాకి మందు పోసి, మీద బుల్లెట్ కూసోబెడతరు. సొంతానికి చేసుకుంటే అక్కడ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మితేనే కావాలె. ఇక్కడ లైసెన్స్ లేకుంట చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరుగ లోపలికే, కాబట్టి ఈ ఉత్తరం నీ చిన్నకొడుకు కంటవడనియ్యకు, వాడసలే యూట్యూబ్ ఇంజనీరు.

నువ్వడుగుతవని ముందే చెప్తున్న, మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 2023ల హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌ల మెడల్ కొట్టిన 25 మీటర్ల పిస్టల్ ఉన్నది చూడు, దాని తూటాకు ఇవేం ఉండయి. అది పాయింట్ 22, రిమ్‌ఫైర్. నిప్పంటుకునే మందు కేసు అంచులనే ఉంటది, ఒక్కసారి పేలితే ఖతం, మళ్ళ నింపుడు కుదరదు. నేను చెప్పేది సెంటర్‌ఫైర్ సంగతి, అంటే అడుగున నడుమ ప్రైమర్ ఉండేది.

ప్రైమర్ చూస్తే నీకు నవ్వొస్తది, కందిపప్పు బద్దంతనే. చిన్న సైజు అడ్డం 0.175 అంగుళాలు, పెద్దది 0.210, అంతే. చిన్న లోహపు కప్పు, అందుల లెడ్ స్టిఫ్నేట్ మందు, మీద అన్విల్ అనే బుల్లి రేకు. పిస్టల్ పిన్ను కప్పును గుద్దితే మందు కప్పుకు అన్విల్‌కు నడుమ నలిగి నిప్పు చిమ్ముతది. నువ్వు బ్యాటరీతోటి పేల్చేది, వీళ్ళు గుద్ది పేల్చేది, గంతే తేడా. అంటే గుద్దుడు ఎక్కడైనా పడొచ్చు అని కూడ అర్థం, అది యాదిలో పెట్టుకో, ముందుకు పనికొస్తది.

ఇగ ప్రోగ్రెసివ్ ప్రెస్ అని ఒక మిషన్, హ్యాండిల్ గుంజినకొద్ది ఒక తూటా తయారై డబ్బల పడుతది. దానికి ప్రైమర్లు ఒక సన్నటి నిలువు ట్యూబుల నుంచి ఒకటొకటి దిగుతయి. ట్యూబుకు 100 పడతయి. ఆ 100 అయిపోయినంక మళ్ళ నింపాలె. బామ్మర్ది ఈ నింపుడు మీదనే ఏడుస్తడు, తూటాలు చేసుడు కంటే ట్యూబు నింపుడుకే ఎక్కువ టైం పోతుందంటడు.

చేతితోటి నింపే పద్ధతి నాకు మస్తు నచ్చింది రా. గుండ్రటి గాళ్ళున్న ఒక పళ్ళెం, ఫ్లిప్ ట్రే అంటరు. ప్రైమర్లు దాంట్ల పోసి మెల్లగ అటు ఇటు ఊపితే గాళ్ళకు తట్టుకుని తలకిందులయితయి, అన్నీ ఒకే దిక్కు మలగాలె, అన్విల్ దిక్కు పైకి. మూత పెట్టి తిప్పితే అన్నీ ఒక్కసారే బోర్లా పడి మెరిసే దిక్కు పైకి వస్తది. తర్వాత కొసకు ప్లాస్టిక్ మొన ఉన్న ట్యూబు పట్టుకుని ఒక్కొక్క ప్రైమర్ మీద నిటారుగ ఒత్తుకుంట పోవాలె, టిక్కు టిక్కు మని లోపలికి ఎక్కుతయి. 100 అయినంక ట్యూబు తలకిందులు చేసి ప్రెస్ మీద పెట్టి, అడుగున ఉన్న చిన్న పిన్ను గుంజితే గలగలమని దిగుతయి. తలకిందులు చేసినం కాబట్టి ఇప్పుడు అన్విల్ పైకి వచ్చింది, కేసులకు అట్లనే ఎక్కాలె. ఎవడు ఆలోచించిండో గని మంచి తెలివి.

నాకు జిందగంత ట్వీజర్ పట్టిన చెయ్యి కదా, ఎక్కడ ఆగకుంట నింపేస్తున్న. బామ్మర్ది నిలబడి చూసి, బావా నీకు ఓపికుంది నాకు లేదు, నేను మిషన్ తెచ్చుకుంట అన్నడు. నేను అన్న, ఒరే మీ అక్క తోటి సంసారం చేసినోనికి ఓపిక కాకుంటే ఇంకేముంటది అని. చెల్లె, అంటే వాని పెండ్లాం, వంటింట్ల నుంచి నవ్వింది. మీ అక్క వినలేదు, దేవుడున్నడు.

మిషన్లు రకరకాలు. ఖరీదైనయి కొన్ని టేబుల్ మీద కూసుంటయి, గిన్నె వణుకుతది, ప్రైమర్లు అంచు పొంటి చుట్టు తిరుక్కుంట ఎక్కుతయి, తలకిందులున్నయి దారిల ఒక గాడి దగ్గర జారి మళ్ళ గిన్నెలనే పడతయి, మంచిగున్నయే ట్యూబుల దిగుతయి. డిల్లాన్ కంపెనీది ఆర్‌ఎఫ్ 100 గీ రకమే, చిన్న ప్రైమర్‌కొకటి పెద్దదానికొకటి, ట్యూబు చుట్టు లోహపు గొట్టం ఉంటది, ధర మాత్రం వందల డాలర్లు. చవుకరకం చేతుల పట్టుకునేది, బ్యాటరీలతోటి గుర్రుమంటది, ప్లాస్టిక్ పళ్ళెంల ప్రైమర్లు పోసి మూతేసి మొన కిందికి వంచి బటన్ నొక్కుడే, కింద తగిలించిన ట్యూబులకు జారుకుంట పోతయి. మావోడు చవుకది తెచ్చిండు. ఏ కంపెనీదో ఎందుకులే.

మొదట్ల మస్తు నడిచింది. నేను కూడ శబాష్ అన్న. తర్వాత ఇంకో బ్రాండు ప్రైమర్లు పోసిండు, ఫెడరల్‌వి, వాటి డబ్బ మిగితావాటి కంటే పెద్దగ ఉంటది, దూరం దూరంగ పేరుస్తరు. ఆ డబ్బ ఈ పళ్ళెం మీద సరిగ్గ కూసోదు, కుమ్మరిస్తే సగం అటు సగం ఇటు. ఏరి పోసి బటన్ నొక్కిండు. కొన్ని దిగినయి, ఆగింది. ఇంక గట్టిగ నొక్కిండు. గుర్రు గుర్రు, ఒక్కటి కదలదు.

అప్పుడు ఏం చేసిండు తెలుసా. బెంచి మీద సన్నటి ఇత్తడి పుల్ల ఉంటే అందుకున్నడు.

నాకు నువ్వు యాదికొచ్చినవ్ రా. ఒట్టు. గోదావరిఖని క్వార్టర్స్ ముంగట వేపచెట్టు కింద కూసుని నువ్వు చెప్పిన మాట, మందు పేలకుంట మిస్‌ఫైరయిన హోలును గెలకద్దు, పుల్ల పెట్టద్దు, మందు గోకి తియ్యద్దు, దూరం జరిగి పక్క పొంటి ఇంకో హోలు కొట్టాలె అని. అప్పుడు నీ మొఖం ఎట్లుండెనో కూడ యాదికొచ్చింది, మీ గ్యాంగుల ఆ పెద్దాయన చెయ్యి... సరే అది వద్దు. నేను ఒర్రిన. ఎంత గట్టిగ ఒర్రిన్నంటే చెల్లె కుక్కర్ ఇడిసిపెట్టి ఉరికొచ్చింది. పుల్ల కింద పెట్టు అన్న, బటన్ ఇడువు అన్న. వాడు బిత్తరపోయి చూసిండు. అద్దాలు పెట్టుకున్నవా అన్న, నెత్తిమీద ఉన్నయి, కళ్ళకు లేవు.

పిల్లలను లోపలికి పంపి, ఇద్దరం కళ్ళద్దాలు పెట్టుకున్నం. ట్యూబును మొఖాలకు దూరంగ గోడ దిక్కు మలిపి కదిలియ్యకుంట ఆగినం. తర్వాత బ్యాటరీలు తీసి, మూత ఇప్పి, పళ్ళెంల మిగిలినయి మెల్లగ ట్రేలకు వంపినం. చూస్తే పళ్ళెం నోటికాడ ఒక ప్రైమర్ అంచు మీద నిలబడ్డది, దాని వెనుక మిగితావి దొబ్బుకుంటున్నయి. ట్యూబుల ఉన్నయి వేరే, వాటికేం కాలేదు. పళ్ళెం జర ఒక పక్కకు వంచంగనే అది తనంతట తనే పడిపోయింది. ఆ ఇత్తడి పుల్ల గన్క ఆడికే పోయి ఉంటే గుద్దుడు నేరుగ ప్రైమర్ మీదనే పడేది, దాని కిందనే ట్యూబుల పేర్చినట్టు మిగితావి.

ఒక్క ప్రైమర్ అయితే టపాసంత చప్పుడు, చర్మం సుత తెగొచ్చు. ట్యూబుల వరుసగ ఉంటే ఒకదానికొకటి అంటుకుంటయి. అందుకే ప్రెస్ మీద ట్యూబు చుట్టు దిట్టంగ ఉక్కు గొట్టం పెడతరు, పేలినా నిలువుగ పైకి పోవాలని. పైన ఒక సన్న రాడ్డు ఉంటది, ప్రైమర్లు దిగినకొద్ది అది దిగుతది, అయిపోవస్తున్నయని చెప్పనీకి. పేలినప్పుడు ఆ రాడ్డు పోయి సీలింగుకు గుచ్చుకున్న ఫోటోలు బామ్మర్ది ఫోన్‌లనే ఉన్నయి, చూపిచ్చిండు కూడ, చూపిచ్చి పుల్ల పట్టుకున్నడు చూడు, ఏమనాలె. ఆ రాడ్డుతోటి ఒత్తి ప్రైమర్లు దింపేటోళ్ళు కూడ ఉంటరట. ఎస్‌ఏఏఎమ్‌ఐ అని అమెరికాల తుపాకుల, తూటాల కంపెనీల సంఘం, వాళ్ళు ప్రైమర్ల గురించి కాగితమే అచ్చేసిన్రు, విడిగ సీసాలల్ల పోసి పెట్టద్దు, ఒకటి పేలితే అన్నీ పేలుతయి, డబ్బలనే ఉంచాలె అని. అక్కడి అగ్ని భద్రత నియమంల ఇంట్ల 10,000 దాటి పెట్టుకోవద్దని ఉన్నది. మావోడు అంత పెట్టలేదు లే, గని బెంచి మీద మందు డబ్బ, ప్రైమర్లు, చాయ్ కప్పు మూడు ఒక్కకాడనే. లెడ్ రా అది, సీసం, విషం, చేతులు కడుక్కోకుంట బిస్కెట్ తింటడు. చెల్లెకు చెప్పిన, ఆమెనే చూసుకుంటది ఇగ.

ఇరుక్కునుడు ఎందుకయిందో నేను పొద్దుగాల లేచి చూసిన, ఊకుంటనా మరి. మూడు నాలుగు ఉన్నయి. పళ్ళెం నోటికాడ ప్లాస్టిక్ అంచు జర లేచింది, గోరుకు తగులుతది. ప్లాస్టిక్ కాబట్టి స్టాటిక్, అంటే రాపిడికి పుట్టే కరెంటు, పట్టి ప్రైమర్లు గోడకు అతుక్కుంటున్నయి. ట్యూబుల నల్లటి దుమ్ము, అది ఉత్త దుమ్ము కాదు, ప్రైమర్ మందే రాలిందన్నట్టు. ట్యూబులు ఖాళీగ ఉన్నప్పుడే స్పిరిటుతోటి తుడిచినం, గుడ్డ పిండి తడిగనే బయట పారేసినం. పాత ట్యూబు మొనలు సుత అరిగినయి, మార్చమన్న.

నన్నడిగితే గీ నింపే మిషన్ కొనేటప్పుడు ఎంత స్పీడు అని చూసుడు దండుగ. పేలితే ఎటు పోతది, అది చూడాలె ముందు. ట్యూబు చుట్టు లోహం ఉన్నదా, నోరు నీ మొఖం దిక్కు ఉన్నదా, మనం వాడే బ్రాండ్ల ప్రైమర్ డబ్బలన్నీ ఆ పళ్ళెం మీద కూసుంటయా, లోపల ఎన్ని దిగినయో కనవడుతదా, ఇరుక్కుంటే ముట్టుకోకుంట తియ్యొస్తదా. చిన్నది పెద్దది కలిసిపోకుంట వేరు వేరు డబ్బలల్ల పెట్టుకుంటే ఇంక మంచిది. వారానికి ఒకటి రెండు వందలు నింపేటోనికి చెయ్యే చాలు, మిషన్ ఎందుకు. బామ్మర్ది లెక్క వేలకు వేలు కొట్టేటోడైతే పైసలు పెట్టి లోహపు గొట్టమున్నది కొనాలె, చవుకరకం వద్దు, నేను మొఖం మీదనే చెప్పిన. వాడు నా ముంగట సరే అన్నడు, గని మొన్న వీడియో కాల్‌ల వెనుక బెంచి మీద అదే ప్లాస్టిక్‌ది కనవడ్డది. అడిగితే అమ్ముదామని పెట్టిన బావా అంటడు. నువ్వే ఒకసారి ఫోన్ చెయ్యి, నీ సర్దార్ గొంతుతోటి, బాయిల కొత్త పిలగాండ్లను భయపెట్టేటోనివి చూడు, గట్ల. నంబర్ వాట్సాప్ చేస్త.

ఇంకొకటి అడుగుదామనుకున్న, మీకు డిటోనేటర్ల డబ్బలల్ల స్టాటిక్‌కు ఏమన్న చేసేటోళ్ళా, తోలు సంచి ఎందుకు పెట్టేటోళ్ళు, నువ్వు అప్పుడు చెప్పినవ్ గని నేను... ఆగు, ఆటో వచ్చింది, ఎంజీఎం దవాఖానల మోకాలు చూపియ్యాలె, మీ అక్క గేటు కాడ నిలబడి అరుస్తుంది. మిగితాది