డబ్బాలో ఏముందో ముందు తేల్చండి
మన క్రీడాకారులు డోపింగ్‌లో (నిషేధిత మందుల వాడకంలో) దొరికారన్న వార్త వచ్చిన ప్రతిసారీ నమూనాల లెక్కే చదువుతున్నాం గాని, ఆ మందు కుర్రాడి చేతికి ఎలా చేరిందన్న ఆరా ఎక్కడా కనిపించడం లేదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) 2024 లెక్కల్లో మన దేశానివి 7,113 నమూనాలు పరీక్షిస్తే 260 పాజిటివ్‌గా తేలాయి. గుంటూరులో పొద్దున్నే గ్రౌండుకు వెళ్లే నాకు కానిస్టేబుల్ ఎంపికల 1,600 మీటర్ల పరుగుకు, యూనివర్సిటీ మీట్లకు తయారయ్యే పిల్లలు రోజూ తారసపడతారు. లేబుల్ లేని డబ్బాలోంచి పొడి కలుపుకుంటున్న ఒకణ్ణి ఏమిట్రా అది అని అడిగితే, ‘జిమ్ అన్న ఇచ్చాడు మాస్టారూ, స్టామినాకి’ అన్నాడు. అందులో ఏముందో వాడికి తెలియదు, బహుశా ఆ అన్నకీ తెలియదు. తెలియక తాగానన్నా నిబంధనల ప్రకారం బాధ్యత ఆటగాడిదే. కొత్త మందుల్ని పట్టే పరీక్షల మీద పరిశోధన అవసరమే, కాని మనకు ముందు కావలసింది అది కాదు. నాగార్జున విశ్వవిద్యాలయం, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ (శాప్) కలిసి ఈ అలవాటు ఏ వయసులో, ఎవరి మాట మీద మొదలవుతోందో పేర్లు అడక్కుండా సర్వే చేయించాలి. గుంటూరు, విజయవాడ దుకాణాల్లో అమ్మే ప్రొటీన్ డబ్బాలు కొని పరీక్షించి, ఫలితాలను ప్రతి స్టేడియం గోడ మీద తెలుగులో అంటించాలి.
– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, గుంటూరు