"మీ నమ్మకం మీది" అంటే సరిపోతుందా?

సంపాదకుల వారికి,

అయ్యా,

ఏటా క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మీ పత్రికలో అర పేజీ వ్యాసం వస్తుంది. ప్రేమ, శాంతి, క్షమాగుణం, పక్కన ఒక నక్షత్రం బొమ్మ. ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను. అందులో ఎవరైనా కాదనే మాట ఒక్కటీ ఉండదు. నా ఫిర్యాదు అదే. ఎవరూ కాదనని మాటలు చెప్పి తిరిగిన మనిషిని ఎవరైనా సిలువ వేస్తారా?

నేను రిటైరైన టీచర్ని. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ స్టాఫ్‌రూంలో కేకు ముక్క తీసుకుంటూ తోటివాళ్ళు ఒక మాట అనేవారు: "మీ నమ్మకం మీది మాస్టారూ." నవ్వుతూ, మర్యాదగానే అనేవారు. కానీ దాంతో మాట అక్కడికే ఆగిపోయేది, ఒకరికి కాకరకాయ ఇష్టం, ఒకరికి వంకాయ ఇష్టం అన్నట్టు. సువార్త అలాంటిది కాదు. పొంతి పిలాతు అనే రోమా అధికారి ఏలుబడిలో, యెరూషలేములో ఒకాయన్ను చంపారనీ, మూడో రోజున ఆయన లేచాడనీ అది చెబుతోంది. అది జరిగి ఉండాలి, లేదా జరగకపోయి ఉండాలి. నా మటుకు జరిగి, మీ మటుకు జరగకుండా ఉండడం కుదరదు. క్రీస్తు లేవకపోతే మా ప్రకటనా వ్యర్థమే, మీ విశ్వాసమూ వ్యర్థమేనని తొలినాటి సువార్త ప్రచారకుడు పౌలే కొరింథు ఊరి క్రైస్తవ సంఘానికి రాశాడు. నా మాట ఎక్కడ కొడితే కూలుతుందో ఇదిగో అని తనే చూపించిన మనిషికి "మీ నమ్మకం మీది" అని చెప్పడం మర్యాదేమో గానీ, జవాబు మాత్రం కాదు.

మా ఒంగోలు వైపు ఇది ఎవరి సొంత వ్యవహారంగానూ మొదలు కాలేదు. 1860లలో తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య, ఆయన వెనక మరికొన్ని మాదిగ కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నప్పుడు వాళ్ళకు మూడు కట్టుబాట్లుండేవి: ఆదివారం పనికి పోకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడ్డానికి చిన్నవే. కానీ వాళ్ళు ఆదివారం వెట్టికి రాము అన్నా, జాతరలో డప్పు కొట్టం అన్నా ఊరు ఊరంతా కదిలింది. బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు ఆపేశారు. వాళ్ళ నమ్మకం వాళ్ళదని ఆనాడు ఎవరూ ఊరుకోలేదు. ఒక రకంగా ఊరి పెద్దలే సువార్తను సీరియస్‌గా తీసుకున్నారనాలి.

1876–78 కరువులో అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించాడు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆ పనులు జరిగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. అయినా కూటి మాట ఈనాటికీ వినబడుతూనే ఉందనుకోండి, అది వేరే సంగతి.

మతం వ్యక్తిగతమని అందరూ అంటారు గానీ, దరఖాస్తు ఫారం అలా అనదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడు. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా ఇచ్చారు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులకు దక్కేది బీసీ-సి కోటా, ఒక శాతం రిజర్వేషన్. ఆ తగాదా ఇక్కడ ఎత్తను.

తప్పంతా బయటివాళ్ళదే అనను. డిసెంబర్ 31 రాత్రి మా సంఘంలో బైబిలు మాటలు రాసిన వాగ్దానం కార్డులు పంచుతారు. పళ్ళెంలో బోర్లా పేర్చి ఉంటాయి, వరుసలో వెళ్ళి ఒకటి తీసుకోవాలి. "నిన్ను ఆశీర్వదిస్తాను", "నిన్ను తలగా నియమిస్తాను", ఇలాంటివే వస్తాయి. "నీ సిలువ నెత్తుకొని నన్ను వెంబడించు" అన్న కార్డు ఇన్నేళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఆ కట్టలో వేస్తే కదా! ఇక దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు మొదలైతే వీసా వచ్చింది, ప్లాటు రిజిస్ట్రేషన్ అయింది, అబ్బాయికి ప్యాకేజీ పెరిగింది. దేవుడు మేలు చేయడని కాదు. కానీ సువార్తను ఎవరికి వాళ్ళం మన సొంత లాభం కింద కుదించుకున్నాక, పక్కవాడు దాన్ని మన సొంత అభిరుచి కింద జమకడితే ఉలుకెందుకు?

నేను చూసినవాళ్ళలో సువార్తను అందరికంటే గట్టిగా పట్టించుకున్నది మా స్కూల్లో లెక్కలు చెప్పిన ఒక కమ్యూనిస్టు మిత్రుడు. "చచ్చినవాడు లేవడయ్యా" అనేవాడు. ఊరికే అనలేదు, బైబిల్లో మార్కు రాసిన సువార్త మొదటి నుంచి చివరిదాకా పెన్సిలుతో గీతలు పెట్టి చదివాడు. పాత ప్రతుల్లో అది 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది: ఖాళీ సమాధి చూసిన స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదని. "ఎవరితోనూ చెప్పకపోతే మార్కుకెట్లా తెలిసింది?" అని నిలదీశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా పాస్టరుగారి ప్రసంగాలు ఏవీ నన్ను అంతగా చదివించలేదు.

అందుకే నా మనవి: వచ్చే ఈస్టర్‌కి ఆ అర పేజీని ఇలాంటి ప్రశ్నకు ఇవ్వండి. నమ్మనివారితో ఒక పావు రాయించండి, నమ్మేవారితో మరో పావు జవాబు చెప్పించండి. ఉత్తరాలు తిట్లతో నిండుతాయని మీకు టెన్షన్ ఉండొచ్చు. కొన్ని వస్తాయి కూడా. మా మిత్రుడికి నేను చెప్పిన జవాబు ఆయనకింకా నచ్చలేదు. ఆదివారం ఆరాధన కాగానే నేను వాళ్ళింటికే వెళ్తాను. పుస్తకం ఆయన దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
ఒంగోలు